కొండి లేని మలుపు

రాత ఒకటి

నా తర్వాత ఈ మలుపుకు వచ్చే బండివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను: ఇక్కడ కరెంటు లేదు. స్తంభం ఉంది, తీగ ఉంది, తీగ మీద కాకి కూడా ఉంది. కరెంటు మాత్రం లేదు. మా తమ్ముడు భూమన్న స్తంభం ఎక్కి, తీగకు కొండి వైరు తగిలించి, బల్బు వెలగకపోయేసరికి కరెంటు పంపేవాళ్ళ ఏడు తరాలనూ పైనుంచే తిట్టి కిందికి దిగాడు. తిట్టినందుకు వాడి ఒళ్ళు కొంచెం వేడెక్కి ఉంటుంది. ఈ స్తంభం వల్ల మాకు కలిగిన లాభం అంతే.

కెరమెరి ఘాటు ఎక్కుతున్నప్పుడే ట్రాక్టర్ బ్యాటరీ మూలగడం మొదలుపెట్టింది. ఇక్కడ కొండి తగిలించి నింపుకుని ఘాటు దాటాలనుకున్నాం. ఇప్పుడు ముందుకు పోవడానికి బ్యాటరీ లేదు. వెనక్కి పోదామంటే వచ్చిన దారి మీద మోకాలి లోతు మంచు పడింది. చలికాలమంతా ఇక్కడే అని తేలిపోయింది. మా వెనకే వచ్చిన లస్మన్న ట్రాలీదీ అదే గతి.

ఆకాశంలో పొడి చల్లిన ఏడాది నేను బడికి పోతున్నాను. ఎండలు తగ్గడానికి చల్లుతున్నామన్నారు. తగ్గాయి. ఆ తర్వాత ఇళ్ళూ కరెంటూ ఉన్నవాళ్ళు తీగ ఊళ్ళల్లో తలుపులేసుకున్నారు, మిగిలినవాళ్ళం చక్రాల మీదికి ఎక్కాం. ఇంతకంటే చరిత్ర నాకు రాదు. రాయాల్సింది పని గురించి.

ట్రాలీ తలుపు గాలికి వీపు తిప్పేలా నిలబెట్టాం. అడుగున చక్రాల చుట్టూ టేకాకు కుక్కిన గోనె సంచులు పేర్చి, వాటి మీద మంచు ఎత్తి గోడలా కొట్టాం. చలి మీదినుంచి వస్తుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది కిందినుంచి వస్తుంది. లోపల గొంగళ్ళు వేలాడదీసి ట్రాలీని సగానికి తగ్గించాం. ఎంత చిన్న చోటయితే అంత తొందరగా వెచ్చబడుతుంది. కుంపటి లోపలున్నంతసేపూ కిటికీ నాలుగు వేళ్ళు తెరిచి ఉండాలి. బొగ్గు వాసన లేకుండా చంపుతుంది. తల నొస్తుందంటే పడుకోవద్దు, బయటికి ఉరకాలి. మా పిల్లలకు మాటలు వచ్చీరాగానే మేం నేర్పేది ఇదే.

మా ట్రాలీలో మేం నలుగురం. నేను, భూమన్న, వాడి పెళ్ళాం రుక్మ, నెలలు నిండకముందే దారిలో పుట్టిన వాళ్ళ ఆడపిల్ల. పిల్ల నా రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. గొంతు కూడా ఇంకా గట్టిగా లేదు, ఏడిస్తే ఎవరో పక్క బండిలో ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. తన ఒంట్లో వేడిని తాను నిలుపుకోలేదు. అందుకని ఎప్పుడూ ఎవరో ఒకరం దాన్ని బట్టలు లేకుండా మా ఒంటికి ఆనించి, పైన గొంగడి చుట్టుకుని కూర్చుంటున్నాం. ఈ పూట భూమన్న వంతు. వాడి రొమ్ము వెంట్రుకల్లో ముక్కు పెట్టి పిల్ల తుమ్ముతోంది.

"వదినె, మీ తమ్మునికి పాలొక్కటే తక్కువ," అంది రుక్మ.

"అవి గూడ వస్తయ్ తియ్. రోజు రెండు గిన్నెల జావ తాగి ఎటు పోతుండు?" అన్నాను.

"నవ్వున్రి, నవ్వున్రి. రేపు ఇది ముందుగాల నన్నే అవ్వా అని పిలుస్తది, అప్పుడు జూస్త మీ మొఖాలు," అన్నాడు భూమన్న.

ఈ పిల్ల చలికాలం దాటాలి. నాకు వేరే కోరిక లేదు.

రాత రెండు

రెండు ట్రాలీల మధ్య లస్మన్న నెగడు వేశాడు. భార్య పోయినప్పటి నుంచి లస్మన్నకు నెగడే సంసారం. దాని చుట్టూ నల్లరాళ్ళు పేర్చి, పట్టుకారుతో తిప్పుతూ, ప్రతి రాయినీ పేరు పెట్టి తిడుతూ ఉంటాడు. కాలిన రాయిని గుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. చల్లారిన రాయిని తెచ్చి నెగడు దగ్గర పెట్టి వేడిది పట్టుకుపోవాలి. బండ్లవాళ్ళలో ఇది కొట్టివేయరాని పద్ధతి. చేతిలో చల్లరాయి పట్టుకుని ఎవడు వచ్చినా వేడిరాయి ఇవ్వాలి. ఎవడివి, ఏ ఊరు అని అడగకూడదు. తలుపు వేయకూడదు.

మేం వచ్చిన కొన్నాళ్ళకు ఇంకో బండి వచ్చి కింది మలుపులో ఆగింది. దాన్ని చూసి భూమన్న ఈల వేశాడు. తెల్లటి బండి, అద్దాల కిటికీలు, రబ్బరు అంచుల తలుపు. తీగ ఊరి బండి. తండ్రీ ఇద్దరు కొడుకులూ దిగారు. ఒకావిడ దిగకుండా కిటికీలోంచి చూస్తూ ఉంది. వాళ్ళ ఊరికి కరెంటు ఆగిపోయిందట, చుట్టుపక్కల తీగ ఊళ్ళు రానివ్వలేదట. ఆ తండ్రి పొడుగాటి వైరు చేత్తో పట్టుకుని పైకి వచ్చి, "ఇక్కడ ప్లగ్గు ఎక్కడున్నది?" అని అడిగాడు. లస్మన్న నవ్వుకు నెగడులో బూడిద లేచింది.

సాయంత్రం ఆ తండ్రి ఒట్టి చేతులతో వచ్చి నెగడు దగ్గర వణుకుతూ నిలబడ్డాడు. లస్మన్నే నేర్పించాడు.

"గట్ల ఉత్త చేతులతోని రావొద్దు పటేలా. అది బిచ్చమైతది. రాయి పట్టుకొని రా. రాయి పట్టుకొనొస్తే అది నీ హక్కు. నేను కాదన్న గూడ నీకు ఇయ్యాల్సిందే."

మర్నాటి నుంచి వాళ్ళు రాళ్ళు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. చిన్నకొడుకు బాగా బక్కగా ఉన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వాడికి నేనే రాయి గుడ్డలో చుట్టి ఇచ్చాను. బొగ్గులు కూడా అడిగారు. ఇవ్వలేదు. మా ట్రాలీ కింద ఉన్న బొగ్గు సంచులు పిల్ల కోసం దాచినవి. లస్మన్న దగ్గరున్నవీ మాకే ఇస్తానన్నాడు. వాళ్ళకు రాయి వరకే. బొగ్గు లేనివాళ్ళకు కుంపటి సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"అక్కా, వాళ్ళు రాళ్ళు జూస్తలేరు," అన్నాడు భూమన్న గొంతు తగ్గించి. "సంచులు జూస్తున్రు. రేపటి సంది రానియ్యొద్దు."

"రాయి పట్టుకొని వచ్చినోన్ని ఎట్ల ఎల్లగొడ్తవ్ రా? రేపు మనం ఇంకో నెగడు కాడికి పోతే మనల గూడ ఎల్లగొట్టరా?" అన్నాను.

వాడు పిల్లను నాకు ఇచ్చి, గొడ్డలికి పదును పెడుతూ కూర్చున్నాడు.

రాత మూడు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. భూమన్న ట్రాలీ కింద సంచులు సర్దుతున్నాడు. నేను తలుపు దగ్గర కూర్చుని కుంపటి మీద రాయి వేడి చేస్తున్నాను. రుక్మ పిల్లకు పాలిస్తోంది. తండ్రీకొడుకులు ముగ్గురూ మంచులోంచి పైకి వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ రాళ్ళున్నాయి.

"ఇయ్యాల ముగ్గురొచ్చిన్రేంది? చలి ఇంటిల్లిపాదికి ఒక్కపారే పెట్టిందా?" అని లస్మన్న పట్టుకారు తీసుకుని నెగడు మీదికి వంగాడు.

తండ్రి రాయిని రెండు చేతులతో ఎత్తి అతని తల వెనక దించాడు. కట్టె విరిగిందనుకున్నాను. లస్మన్న ముఖం నిప్పుల్లో పడింది. కాళ్ళు కాసేపు మంచును తన్నాయి. జుట్టు కాలుతున్న వాసన వచ్చాక గానీ నాకు కేక రాలేదు.

భూమన్న ట్రాలీ కిందినుంచి గొడ్డలితో లేచాడు. పెద్దకొడుకు భుజం మీద ఒక్కటి వేశాడు. గొడ్డలి ఎముకలో దిగబడి రాలేదు. దాన్ని గుంజుతున్నాడు. అదే వాడి ప్రాణం తీసింది. వదిలేసి ఉంటే తప్పించుకునేవాడు. ఆ బక్క పిల్లాడు, నేను రాయి చుట్టి ఇచ్చినవాడు, వెనకనుంచి వచ్చి కణత మీద కొట్టాడు. భూమన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాడు మళ్ళీ కొట్టాడు. భూమన్న చెయ్యి అడ్డం పెట్టాడు, చెయ్యి విరిగింది. వాడు ఏడుస్తూ కొట్టాడు. నిజంగా ఏడుస్తున్నాడు, నేను చూశాను. ఏడుస్తూ, నా తమ్ముడి ముఖం ముఖంలా లేకుండా పోయేదాకా కొట్టాడు.

తర్వాత రక్తం కారే రాయితో మా తలుపు దగ్గరకు వచ్చాడు. ఒక కాలు లోపల పెట్టాడు. నేను మా పట్టుకారుతో కుంపటి మీది రాయి తీసి వాడి చెంపకు అదిమాను. చర్మం చిటపటలాడింది. వాడు అరిచిన అరుపుకు పిల్ల ఉలిక్కిపడి పాలు వదిలేసింది. నేను రాయిని తీయలేదు. వాడే వెనక్కి పడ్డాడు. తలుపు లాగి గడియ వేసి, నా వీపు ఆనించి కూర్చున్నాను. రాయికి వాడి చర్మం అంటుకుని ఉంది.

బయట వాళ్ళు తీరికగా సర్దుకోవడం వినిపించింది. మా ట్రాలీ కింది బొగ్గు సంచులన్నీ ఈడ్చుకుపోయారు. లస్మన్న కుంపటి పట్టుకుపోయారు. మేం బయటికి వచ్చేసరికి భూమన్న ఒంటి మీద గొంగడి కూడా లేదు. చచ్చినవాడి మీదినుంచి ఒలుచుకున్నారు. గొడ్డలి మాత్రం పెద్దకొడుకు భుజంలోంచి ఊడి మంచులో పడి ఉంది. అదొక్కటే మాకు మిగిల్చారు.

రాత నాలుగు

నేల రాయిలా గడ్డకట్టింది. గొయ్యి తవ్వడం కాలేదు. భూమన్ననూ లస్మన్ననూ పక్కపక్కన పడుకోబెట్టి మంచు కప్పాను. నక్కలు లాగకుండా నెగడు చుట్టూ ఉన్న రాళ్ళన్నీ వాళ్ళ మీద పేర్చాను. నా తమ్ముడిని నేను ఎత్తుకుని పెంచాను. వాడి మీద రాళ్ళు పేర్చేటప్పుడు ఎక్కడ నొస్తుందోనని మెల్లగా పెట్టాను, పిచ్చిదాన్ని.

రుక్మ మొదట ఏడవలేదు. నేను లోపలికి వచ్చాక లేచి నా చెంప మీద కొట్టింది.

"నువ్వే అంటివి గద వదినె! రాయి పట్టుకొని వచ్చినోన్ని ఎల్లగొట్టొద్దని నువ్వే అంటివి గద! ఆయన అద్దన్నడు. నీ నోరు పడిపోను, ఆయన అద్దన్నడు!"

ఇంకా కొట్టింది. కొట్టనిచ్చాను. అలసిపోయి నా మీదే పడి ఏడ్చింది. పిల్ల మా ఇద్దరి మధ్య నలిగి అరిస్తే గానీ విడిపోలేదు.

బొగ్గు లేదు. లస్మన్న ట్రాలీ చెక్కలు పగలగొట్టి కాలుస్తున్నాను. రంగు వేసిన చెక్క నల్లటి పొగ తప్ప వేడి ఇవ్వదు. టేకు కొమ్మలు పచ్చివి, మంచు పట్టినవి, నిప్పు మీద ఉమ్మినట్టు ఆర్పేస్తున్నాయి. ట్రాలీలో మిగిలిన రాళ్ళు చెయ్యి ఆనించగలిగేంతే కాగుతున్నాయి.

రుక్మకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్లకు మంచిదేలే అనుకున్నాను. అంత రాక్షసంగా ఆలోచించగలనని నాకు తెలియదు. కానీ అనుకున్నాను, పిల్లను తెచ్చి దాని రొమ్ము మీద పెట్టాను కూడా. సాయంత్రానికి జ్వరం దిగి, చెమటపట్టి, ప్రాణం ఉన్నా ఒళ్ళు ఇనుములా చల్లబడింది. ఇప్పుడు పిల్లను దాని దగ్గర పెట్టడానికి లేదు. నేనొక్కదాన్నే. కట్టెలకు పోతే పిల్ల చల్లబడుతుంది. పిల్లను పట్టుకుంటే నిప్పు ఆరిపోతుంది. పిల్ల అరికాళ్ళు నీలంగా మారాయి. నోట్లో పెట్టుకుని ఊదాను.

కింది మలుపులో బొగ్గు ఉంది. మా బొగ్గు. నిన్న అద్దాల కిటికీల వెనక ఎర్రటి వెలుగు కనిపించింది. గొడ్డలి తీసుకుని పోవాలి. ముగ్గురినీ చంపాలంటే చంపాలి, నాకు భయం లేదు. నాకున్న కష్టం ఒక్కటే, నేను పోయి వచ్చేదాకా పిల్లను ఎవరి ఒంటికి ఆనించాలి?

రాత ఐదు

తలుపు కొట్టారు.

కిటికీ సందులోంచి చూశాను. తెల్లబండి ఆవిడ. ఒంటి మీద సగం చీర, జుట్టు నిండా మంచు, రెండు చేతులతో ఒక రాయి పట్టుకుని నిలబడింది.

పిల్లను రుక్మ పక్కన పెట్టి, గడియ తీసి, గొడ్డలి తిరగేసి కామ కర్రతో ఆమె చేతుల మీద కొట్టాను. రాయి పడిపోయింది. జుట్టు పట్టుకుని మంచులోకి లాగి, వెల్లకిలా పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి కూర్చున్నాను. చుట్టూ చూశాను, వెనక మగవాళ్ళు దాక్కున్నారేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ కొట్టాను. ఈసారి మూతి మీద. ముందు పన్ను ఊడింది.

"సంపు," అంది ఆమె. "సంపితే సంపు గని, ముందుగాల నా మాట ఇను. ఆడ ఎవ్వల్లు లేరు. అందరు పోయిన్రు."

"ఎటు పోయిన్రు?"

"సచ్చిపోయిన్రు."

నమ్మలేదు. గొంతు మీద గొడ్డలి పెట్టి చెప్పమన్నాను. ముక్కలు ముక్కలుగా చెప్పింది. నిన్న కుంపటి నిండా బొగ్గు పోసుకున్నారట. చాలా రోజుల తర్వాత ఒళ్ళు వెచ్చబడి నవ్వుకున్నారట. ఆ వేడి ఎక్కడ బయటికి పోతుందోనని కిటికీలన్నీ బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కారట. తల పగిలిపోతుంటే, కక్కుకోవడానికి ఆమె పాక్కుంటూ తలుపు తీసి బయట పడిందట. తెలివి వచ్చేసరికి తెల్లారింది.

"తలుపుల కెల్లి పిలిచిన. పెద్దోడా అన్న, చిన్నోడా అన్న, ఏమయ్యా అన్న. ఒక్కల్లు గూడ పలుకలే. లోపటికి పోవుడు నాతోని గాలే, అక్కా. గొంతు ఎండిపోయింది."

నేను నవ్వాను. దాచను. కడుపు పట్టుకుని నవ్వాను. కుంపటి లోపల పెట్టి కిటికీలు మూసుకున్నారు! బండ్లవాళ్ళలో నాలుగేళ్ళ పిల్లలు కూడా చేయని పని. నా తమ్ముడిని చంపి తెచ్చుకున్న బొగ్గు వాళ్ళను పడుకున్నవాళ్ళను పడుకున్నట్టే తినేసింది. నవ్వు ఆగాక చూస్తే ఆమె నా వైపే చూస్తోంది. పెదవి మీది రక్తం గడ్డకట్టింది.

"మీ బొగ్గు ఆడనే ఉన్నది. తెచ్చుకో," అంది. "నాకు జర వేడి జూపెట్టు. గంతే."

లోపలికి ఈడ్చుకువచ్చాను. దయతో కాదు. ఆమెకు ఒళ్ళు ఉంది, ఒంట్లో నెత్తురు ఉంది, అది నాకు కావాలి. ఉన్న రాళ్ళన్నీ ఆమె చుట్టూ పెట్టి, చేతులూ పాదాలూ నేనే రుద్దాను. వణుకు తగ్గి, చంకలు వెచ్చబడ్డాక, ట్రాక్టర్ గొలుసు తెచ్చి ఆమె కాలికి చుట్టి, ట్రాలీ కడ్డీకి తాళం వేశాను. తర్వాత పిల్లను ఆమె రొమ్ముల మధ్య పెట్టాను.

రుక్మ మూలనుంచి కళ్ళు తెరిచి చూసింది. "వాళ్ళ అవ్వకా? నా బిడ్డను వాళ్ళ అవ్వకా ఇస్తున్నవ్?"

"ఒళ్ళు వెచ్చగున్నది. నీది లేదు, నేను బొగ్గుకు పోవాలె. గొడ్డలి నీ ఒళ్ళె పెట్టుకో. పిల్ల ఏడ్పు మారితే నరుకు."

రుక్మకు గొడ్డలి ఎత్తే బలం ఉందో లేదో నాకు తెలియదు. ఆ కొడుకుల అమ్మకు తెలియకపోతే చాలు. ఆమె మాత్రం గొడ్డలి వైపు చూడనే లేదు. పిల్ల తల కింద చెయ్యి పెట్టి, చెవి మీద చీర కప్పింది. పిల్లల్ని పెంచిన చెయ్యి అది, చూడగానే తెలుస్తుంది. నాకు ఒళ్ళు మండింది.

రాత ఆరు

లస్మన్న ట్రాలీ మీది రేకు ఒకటి ఊడదీసి తాడు కట్టి ఈడ్చుకుంటూ కిందికి పోయాను. చేతిలో పట్టుకారు ఉంది, అదే ఆయుధం. తెల్లబండి తలుపు జానెడు తెరిచి ఉంది, ఆమె పాక్కుంటూ వచ్చినప్పుడు తెరిచినంత. అందులోంచి లోపలికి మంచు కొట్టి గడప దగ్గర పేరుకుంది.

తండ్రి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్దకొడుకు ఆయన తొడ మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఇద్దరి బుగ్గలూ ఎర్రగా, పెళ్ళికి తయారైనవాళ్ళలా ఉన్నాయి. ముట్టుకుంటే ఒంటి నిండా మంచుగడ్డ లాంటి ఇగం. కుంపటి ఎప్పుడో ఆరిపోయింది, బూడిదలో వేలు పెట్టినా చలే. బొగ్గు సంచులు సగం పైగా అలాగే ఉన్నాయి.

చిన్నవాడు గడపకు దగ్గరగా పడుకున్నాడు. వాడి మీద భూమన్న గొంగడి ఉంది. నోటి ముందు సన్నటి ఆవిరి లేస్తోంది.

వంగి చూశాను. చెంప మీద నేను పెట్టిన వాత పచ్చిగా ఉంది. కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు గానీ నేను కనబడలేదు వాడికి.

"అమ్మా, తల నొస్తున్నదే," అన్నాడు.

పట్టుకారు ఎత్తాను. ఒక్క దెబ్బ చాలు. భూమన్నకు ఎన్ని పడ్డాయో నాకు గుర్తుంది. ఒక్క దెబ్బతో పోవడమంటే వాడికి సుఖం. ఆ సుఖం ఇవ్వబుద్ధి కాలేదు. పట్టుకారు దించి, వాడి మీది గొంగడి పట్టుకుని లాగాను. వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు, పసివాడు పట్టుకున్నట్టే. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. మాది నేను తీసుకుంటున్నాను, అంతే కదా. గొంగడిని మడిచి చుట్ట చుట్టాను. బండ్లవాళ్ళకు అలవాటు, వెచ్చటి గొంగడిని ఎప్పుడూ పరిచి పట్టుకోరు, వేడి పోకుండా బిగించి చుట్టి చంకన పెట్టుకుంటారు. చేతులు వాటంతటవే చేశాయి. సంచులు రేకు మీదికి ఎత్తి, తలుపు బార్లా తెరిచి పెట్టి వచ్చేశాను. గాలి సరిగ్గా ఆ తలుపులోకే కొడుతోంది.

వచ్చి కుంపటి నిండా బొగ్గు పోసి రాజేశాను. మళ్ళీ ట్రాలీలో ఎర్రటి వెలుగు పడింది. రుక్మ పాక్కుంటూ దగ్గరికి వచ్చి చేతులు చాపింది.

గొలుసు వేసుకున్న ఆవిడ పిల్లను రొమ్ముకు ఆనించుకునే ఉంది. పిల్ల నిద్రపోతోంది. పెదవుల నీలం పోయింది.

"జూసినవా, అక్కా?" అంది.

"జూసిన."

"ఒక్కల్లు గూడ..."

"లేరు," అన్నాను. గొంగడి చుట్టను ఆమె ఒళ్ళోకి విసిరాను. "పిల్లకు కప్పు."

ఆమె చుట్ట విప్పింది. సగం విప్పి ఆగింది. లోపలి మడతలో చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఆ చెయ్యి ఎందుకు కదలడం లేదో నాకు వెంటనే అర్థం కాలేదు. లోపలి మడత ఇంకా వెచ్చగా ఉందని అర్థమయ్యేసరికి ఆమె నా ముఖంలోకి చూస్తోంది.

"ఏ కొడుకు?" అంది.

నేను సంచుల మీది మంచు దులిపాను.

"పెద్దోడా, చిన్నోడా? ఏ కొడుకు, అక్కా?"

చెప్పకుండా ఉండవచ్చు. ఆమె కాలికి గొలుసు ఉంది, తాళంచెవి నా నడుములో ఉంది. ఇంకొంతసేపు పొయ్యి రాజేస్తూ, గిన్నె తోముతూ కూర్చుంటే అక్కడ పని దానంతటదే అయిపోతుంది. నేను ఎవరినీ చంపినట్టు కాదు. నా తమ్ముడి ముఖం తలుచుకున్నాను, కావాలనే తలుచుకున్నాను. ఆ ముఖం రాలేదు. గొంగడి గుంజుకోవద్దని పట్టుకున్న ఆ వేళ్ళే వచ్చాయి. నాకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు మీద కోపం వచ్చింది.

"చిన్నోడు," అన్నాను.

"గొలుసు ఇప్పెయ్యకు వదినె!" అని అరిచింది రుక్మ. "ఆయనను సంపినోడు వాడే! వాడే గద! ఇప్పెయ్యకు!"

తెల్లబండి ఆవిడ పిల్లను జాగ్రత్తగా తీసి రెండు చేతులతో నా వైపు చాపింది. విసిరేయవచ్చు, దాని గొంతు పట్టుకుని నన్ను బెదిరించవచ్చు. నేనైతే అదే చేసేదాన్ని. ఆమె నా చేతులు చల్లగా ఉన్నాయని చూసి, కుంపటి మీద కాచుకునేదాకా ఆగి, అప్పుడు ఇచ్చింది.

తాళం తీశాను.

చెప్పులు కూడా లేకుండా ఉరికింది. గొంగడి నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. "ఆగు, ఇది తీస్కపో" అని ఒక్క కేక వేస్తే వినపడేది. వేయలేదు. పిల్లను ఒంటికి ఆనించుకుని ఉన్నాను కాబట్టి లేవలేకపోయానని రాయవచ్చు. అది అబద్ధం. ఆ గొంగడి తీసి పిల్ల చుట్టూ చుట్టాను.

ఇది రాస్తుంటే రుక్మ కుంపటి దగ్గర గొడ్డలి పట్టుకుని కూర్చుంది. "వాడు బతుకుతడా?" అంది.

"ఏమో."

"బతికితే ఈడికే తెస్తది గద. ఇంకేడికి తీస్కపోతది?"

"ఈడికే తెస్తది."

"తెస్తే?"

పిల్ల అరికాళ్ళు తడిమి చూశాను. ఎర్రబడ్డాయి, వేళ్ళు ముడుచుకుని తెరుస్తోంది. నా వేలు పట్టుకుంది కూడా.

బయట మంచు కరకరలాడుతోంది. ఎవరో బరువైనదేదో ఈడ్చుకుంటూ, ఆగి ఆగి ఎక్కుతున్నారు. మధ్యమధ్య ఒక మగగొంతు మూలుగుతోంది. రుక్మ గొడ్డలి కామ మీద రెండో చెయ్యి కూడా వేసింది. ఆ గొడ్డలి నాకు ఇమ్మని అడగాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. పిల్లను పక్కన పడుకోబెట్టి, తలుపు తీయడానికి లేస్తున్నాను.